పల్టీ కొట్టని దుంగ

నేను ఒక ముక్కను. లార్చి మాను మొదలు నుంచి రంపంతో తెగిపడ్డ ముక్కను. ఎత్తు రెండడుగులు, వెడల్పు ఒక మనిషి ఒదిగి కూర్చునేంత. స్కాట్లండులో గ్లెన్‌టోరిల్ అనే కొండలోయ ఊళ్లో, ఒక రాతి ఇంటి వాకిట్లో నా కాపురం. వచ్చినవాళ్లు నా మీద కూర్చుని బురద బూట్లు విప్పుకుంటారు. కూర్చోవడమే తప్ప, నీ సంగతేమిటని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అందుకే మిమ్మల్ని పట్టుకున్నాను.

మనిషికి గట్టి దెబ్బ తగిలితే కొయ్యబారిపోయాడంటారు కదా. నేను పుట్టడమే కొయ్యగా పుట్టాను. మరి నేను నిర్ఘాంతపోతే దాన్నేమనాలో మీరే చెప్పాలి, ఎందుకంటే బతుకంతా నేను చేసింది అదే. ఈ మనుషులు చేసే పనులు చూసి నోరు వెళ్లబెట్టడం తప్ప నాకు మరో ఉద్యోగం లేదు. అన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం ఆఖరున తగిలింది. నన్ను కోసినవాడు పగవాడు కాడు. ఇరవై ఏళ్ల పాటు నా ఒంటిమీద రంపం పడకుండా అడ్డం నిలబడ్డవాడే, అందరి ముందూ రంపం తెమ్మన్నాడు. పిడి కూడా తనే పట్టాడు. ఆ సంగతి చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

నేను వాగు ఒడ్డున, ఏటవాలు నేల మీద పెరిగాను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు మీ వైపు. మా లోయలో ప్రాణం సంగతేమోగాని వాన రాకడ పసిపిల్లలకు కూడా తెలుసు. రోజూ వస్తుంది. ఆ వానకు నేను తిన్నగా, ఒక్క వంకర లేకుండా ఎదిగాను. లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. ఏ పడవకో తెరచాప స్తంభాన్నవుతాను, అదృష్టం బాగుంటే ఏ గుడికో దూలాన్నవుతాను అనుకునేదాన్ని.

ఒకరోజు ఆర్చీ గిలీస్ వచ్చాడు. అడవిలో చెట్లు కొట్టే పని అతనిది. ఎర్రటి గడ్డం, వాకిలికి అడ్డం తిరిగితే గాని పట్టని భుజాలు. నా చుట్టూ తిరిగాడు, తల ఎత్తి కొస దాకా చూశాడు, అరచేత్తో రెండుసార్లు చరిచాడు. వాళ్లావిడ పోయి అప్పటికి కొంతకాలమైంది. చిన్న కూతురు మొరాగ్ ఎప్పుడూ వెంటే ఉండేది. ఆ పిల్ల కూడా తండ్రిని చూసి నన్ను చరిచింది.

"ఇదే," అన్నాడు ఆర్చీ.

"దీంతో ఇల్లు కడతావా నాన్నా?"

"ఇల్లెందుకు? విసురుతాను."

విసరడమేమిటో నాకు అర్థం కాలేదు. పడగొట్టి, బెరడు ఒలిచి, ఒక కొసను సన్నగా గుండ్రంగా చెక్కి, ఆటల మైదానానికి ఈడ్చుకుపోయిన తరవాత అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా నమ్మలేకపోయాను. ఇరవై అడుగుల పైచిలుకు మానును, ముగ్గురు మనుషుల ఎత్తుకు మించిన మానును, నిలువునా ఎత్తి, పరుగెత్తి, గాల్లోకి విసరడం. అదీ ఏ గోడ కూల్చడానికో, ఏ శత్రువు మీదికో కాదు. ఊరికే. పచ్చగడ్డి మీదికి.

దీన్ని వాళ్లు కేబర్ అంటారు. ఏటేటా వేసవి చివర జరిగే కొండప్రాంతపు ఆటల్లో ఇదే పట్టపుటేనుగు. పద్ధతి చెబుతాను వినండి. దుంగను నిలబెడతారు, బరువైన మొదలు పైకి, సన్నటి కొస కిందికి. ఆటగాడు గొంతుక్కూర్చుని కొస కింద రెండు చేతులూ పెనవేసి, దుంగను భుజానికి ఆనించుకుని లేస్తాడు. తూలుతూ పరుగెత్తి, టక్కున ఆగి, చేతులు పైకి ఎగదోస్తాడు. మొదలు నేలకు తగలాలి, కొస ఆకాశంలోంచి పల్టీ కొట్టి అవతలికి పడాలి. ఎంత దూరం పడిందన్నది లెక్కే కాదు. ఎంత తిన్నగా పడిందన్నదే లెక్క. న్యాయనిర్ణేత ఆటగాడి వెనకాలే పరుగెత్తి, నేలమీద గడియారం ఉందనుకుని చూస్తాడు. విసిరినవాడికి సూటిగా ఎదురుగా పడితే పన్నెండు గంటలు. కాస్త పక్కకు పోతే ఒంటిగంట, పదకొండు. పల్టీయే కొట్టకపోతే గంటలతో పని లేదు, మట్టి దులుపుకుని ఇంటికి పోవడమే.

ఇంత కష్టపడి గెలిచినవాడికి ఏమి ఒరుగుతుందని ఆశ్చర్యపడతారేమో. చప్పట్లు ఒరుగుతాయి. మోకాళ్ల దాకా గళ్ల గుడ్డ చుట్టుకున్న ఆ మహానుభావులకు అవే చాలు.

నేనొక్కదాన్నే ఇలాంటి వింతకు చిక్కానని మొదట్లో అనుకునేదాన్ని. చలికాలం మంచుకు పగిలిపోకుండా ఆర్చీ నన్ను షెడ్డులో పెట్టేవాడు. అక్కడ పొరుగువాళ్లను చూశాక నా బాధ సగం తగ్గింది. ఒక మూల నున్నటి నల్లరాతి గుండు ఉండేది, పైన పిడితో. గడ్డకట్టిన చెరువు మీద దాన్ని జార్చి వదులుతారట. అది జారుతుంటే ఇద్దరు దాని ముందు చీపుళ్లతో మంచును ఊడుస్తూ పరుగెడతారట. ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలియని మగవాళ్లు చెరువు మీద ఒళ్లు దాచుకోకుండా ఊడుస్తారంటే నేను నమ్మలేదు, రాతిగుండు ఒట్టేసింది. గోడకు వంకర కర్రలు వేలాడేవి. షింటీ అనే ఆటవి. వాటితో బంతిని కొడతామంటారుగాని, కర్రల మీద ఉన్న దెబ్బలు చూస్తే బంతికి తగిలినవి తక్కువే. ఇక గోల్ఫు సంచీ ఉంది. పెద్దమనిషి ఒకడు పొద్దున్న బయలుదేరి, వానలో తడుస్తూ, మైళ్లకు మైళ్లు నడిచి, గుడ్డంత బంతిని చెంబంత గుంటలో వేసి, మళ్లీ తీసి, ఇంకో గుంట వెతుక్కుంటూ పోతాడట. తీసేదానికి వెయ్యడమెందుకని నేనడిగితే సంచీ మూతి ముడుచుకుంది. ఫుట్‌బాలు ఒకటి గాలిపోయి పడి ఉండేది. దాన్ని పలకరించలేదు. వాళ్ల జట్టు ఓడిన రోజు ఆర్చీ ఇంట్లో పొయ్యి కూడా వెలిగేది కాదు కాబట్టి, ఆ దుఃఖం నాకు ముందే తెలుసు.

సరే, మొదటి ఏడాది ఆటల దగ్గరికి వస్తాను. నన్ను ఎవరూ పల్టీ కొట్టించలేకపోయారు. ఆర్చీ సహా. లేపినవాడు పరుగెత్తలేదు, పరుగెత్తినవాడు ఆగలేదు, ఆగినవాడు నాతోపాటే పడ్డాడు. అప్పుడు న్యాయనిర్ణేత నిమ్మకు నీరెత్తినట్టు రంపం తెప్పించాడు.

అక్కడి ఆచారం అది. దుంగను ఎవరూ తిప్పలేకపోతే మొదలు వైపు కొంత కోసేస్తారు. మళ్లీ ప్రయత్నిస్తారు. ఇంకా తిరగకపోతే ఇంకొంత. ఎవరో ఒకరు తిప్పేదాకా అంతే. ఒక్కసారి తిరిగిందా, ఇక ఆ దుంగ మీద జన్మలో రంపం పెట్టకూడదు. మనిషి చాలకపోతే మనిషి ఎదగాలిగాని దుంగను పొట్టి చెయ్యడమేమిటని నేను దిమ్మెరపోయి చూస్తుంటే, సరిగ్గా ఆ మాటే ఆర్చీ నోట వచ్చింది.

"కోసిందాన్ని తిప్పితే ఏం గొప్ప? పొయ్యిలో కట్టెని కూడా తిప్పొచ్చు. ఒక్క ఏడాది ఆగండి, నేను తిప్పుతా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అతను. ఒళ్లు చూసి భయపడ్డారో, ఊరివాడని మొహమాటపడ్డారో, ఆగారు. ఏడాది తరవాత మళ్లీ ఆగారు. అట్లా అట్లా నేను 'ఎవరూ తిప్పని దుంగ'నైపోయాను. పక్క లోయల నుంచి, అబర్డీన్ నుంచి, గ్లాస్గో నుంచి వస్తాదులు వచ్చి నా కింద చేతులు పెట్టి, నా ముందు తల దించుకుని వెళ్లారు. ఊళ్లో హోటలు నడిపే విలియం లామంట్, ఆర్చీకి బళ్లో పక్క బల్ల వాడు, నా బొమ్మను హోటలు బోర్డు మీద వేయించాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఏమిటో ఆ రోజుల్లో అతన్ని చూసి తెలుసుకున్నాను.

ఆర్చీ మాత్రం నన్ను కంటికి రెప్పలా చూసుకున్నాడు. దుంగ ఎండితే తేలికవుతుంది. ఎండిన దుంగను తిప్పడం దొంగతనమని అతని నమ్మకం. అందుకని చలి తగ్గగానే తీసుకెళ్లి వాగు మడుగులో పడేసేవాడు, ఆటలనాటి పొద్దున తీసేవాడు. తనను ఏటేటా ఓడిస్తున్నదాన్ని తనే నీళ్లు పట్టించి బలంగా పెంచుకునే జీవిని మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు.

మొరాగ్‌కు ఆరేడేళ్లప్పుడు ఒక ఏడు, నేను దాదాపు తిరిగాను. ఆర్చీ ఎప్పుడూ లేనంత బాగా లేపాడు, పరుగెత్తాడు, ఆగాడు, ఎగదోశాడు. నా మొదలు నేలను గుద్దింది. కొస లేచింది. నిటారుగా నిలబడ్డాను. జనం ఊపిరి బిగబట్టారు. వెంట్రుకవాసి ముందుకు వంగితే చాలు. నేను వెనక్కి వంగాను. గాలో, నేల వాలో, నా బరువో నాకు తెలియదు. సూటిగా అతని మీద పడ్డాను. అతని భుజపుటెముక విరిగిన చప్పుడు నా ఒళ్లంతా పాకింది. నడుము కూడా దెబ్బతింది.

పెద్దవాళ్లంతా నివ్వెరపోయి నిలబడ్డారు. ముందు కదిలింది ఆ పిల్ల. తాడు కిందనుంచి దూరి వచ్చి, నా కింద రెండు చిన్న చేతులూ పెట్టి లేపడం మొదలుపెట్టింది. ఏడవలేదు, పిలవలేదు. పళ్లు బిగించి లేపుతోంది. నేను వెంట్రుకంత కూడా కదలలేదు. నా కిందనుంచి ఆర్చీ ఆ చేతుల్నే చూస్తున్నాడు. మనుషులు వచ్చి ఆమెను ఎత్తి పక్కన పెట్టి నన్ను తొలగించారు. కాని ఆ చేతుల వెచ్చదనం చాలాకాలం నా ఒంటి మీద ఉండిపోయింది.

ఆ తరవాత ఆర్చీ మళ్లీ నన్ను ఎత్తలేదు. కర్ర పట్టుకుని నడిచేవాడు. ఎక్కడైనా కూర్చుంటే లేవడానికి ఒక చేతికి కర్ర, ఇంకో చేతికి మొరాగ్ కావాలి. అందుకే నలుగురిలో కూర్చునేవాడు కాడు. కుర్చీ ఇస్తే, ఎవరైనా ముసలివాళ్లకివ్వండి అనేవాడు. అయినా నన్ను మడుగులో పడేయించడం, తీయించడం మానలేదు, రంపాన్ని దగ్గరికి రానివ్వలేదు. తను తిప్పలేడని తెలిసింది. ఎవరో ఒకరు నిండు దుంగను తిప్పగా చూడాలని మిగిలిపోయింది.

మొరాగ్ పెద్దదైంది. చలికాలం రాతిగుండు ఆట, వేసవిలో షింటీ, మధ్యలో పట్నంలో జిమ్ముకు పోయి ఇనుప కడ్డీలెత్తడం. తండ్రి భుజాలే ఆమెకూ వచ్చాయి. ఈలోగా ఆడవాళ్లకు కూడా కేబర్ పోటీ మొదలైంది, వాళ్లకని వేరే తేలిక దుంగ. నేను దాన్ని పిల్ల దుంగ అంటాను. వరసగా రెండేళ్లు మొరాగ్ దాన్ని అగ్గిపుల్లలా పల్టీ కొట్టించింది. రెండుసార్లూ పన్నెండు గంటలే.

ఆ వసంతంలో ఒక పొద్దున ఆమె ఒంటరిగా మడుగు దగ్గరికి వచ్చింది. నన్ను గట్టుకు లాక్కుని, కొస కింద చేతులు పెట్టింది. ఆ చేతులు నాకు తెలుసు. ఈసారి నేను కదిలాను. మోకాలి ఎత్తు దాకా లేపింది. అప్పుడే వెనకనుంచి కేక.

"చెయ్యి తియ్."

ఆర్చీ. ఇంటినుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు, ముఖం పాలిపోయి ఉంది.

"ఊరికే చూస్తున్నా నాన్నా, బరువెంతుందో."

"అది నీది కాదు. నీ దుంగ వేరే ఉంది. దీని జోలికి రాకు."

"ఎందుకు? ఆడదాన్ననా?"

ఆర్చీ జవాబు చెప్పలేదు. చెబితే బాగుండేది. తిరిగి వెళ్లిపోయాడు. తండ్రీ కూతుళ్లు ఆ వేసవంతా ఒకే బల్ల దగ్గర తిన్నారుగాని, ఉప్పు అందుకోమని, తలుపు వెయ్యమని తప్ప మాట్లాడుకున్నది లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊళ్లో అనుకున్నారు, ముసలాడికి తన దుంగను ఆడపిల్ల తిప్పితే పరువు పోతుందని భయం అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

ఆ ఏడే లామంట్ కబురు తెచ్చాడు. అతనే ఆటల సంఘానికి పెద్ద, న్యాయనిర్ణేత కూడా అతనే.

"ఆర్చీ, కోపం తెచ్చుకోకు. నీ దుంగ ఆట వచ్చేసరికి జనమంతా లేచి నా హోటల్లో టీవీలో ఫుట్‌బాలు చూడ్డానికి పోతున్నారు. తిరగదని అందరికీ తెలుసు. తెలిసిన ఆట ఎవరు చూస్తారు? ఈసారి కూడా తిరగకపోతే కోసేద్దాం."

"నా ప్రాణముండగా కొయ్యనివ్వను."

"ఇరవై ఏళ్లుగా అదే అంటున్నావు."

"ప్రాణం ఇంకా ఉంది కదా," అన్నాడు ఆర్చీ.

ఆటలరోజు మామూలుగానే చినుకులు. తిత్తి వాయిద్యాలు ఊదుతున్నారు. పలకల మీద ఆడపిల్లలు నాట్యం చేస్తున్నారు. కొండ ఎక్కి దిగే పరుగుపందెం వాళ్లు తలనుంచి కాలిదాకా బురదతో తిరిగొస్తున్నారు. తాడు లాగేవాళ్లు మడమలు నేలలో దిగేసి ఎర్రబడ్డ ముఖాలతో వెనక్కి వాలుతున్నారు. మొరాగ్ పిల్ల దుంగతో మూడోసారీ గెలిచింది. తండ్రి తాడు పక్కన కర్ర మీద ఆనుకుని నిలబడి చూశాడు, చప్పట్లు కొట్టాడు.

తరవాత నన్ను తెచ్చారు. మగవాళ్లు వరసగా వచ్చారు, వరసగా ఓడారు. అబర్డీన్ నుంచి వచ్చిన రగ్బీ ఆటగాడు ఒకడు, మెడ ఎక్కడ అయిపోయి తల ఎక్కడ మొదలైందో తెలియనివాడు, మూడు ప్రయత్నాలూ చేసి గడ్డిలో వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని తిట్టాడు. జనంలో సగం మంది అప్పటికే హోటలు దారి పట్టారు.

"ఇంకెవరూ లేరు కదా," అని లామంట్ రంపం కోసం చెయ్యెత్తాడు.

"నేనున్నాను," అంది మొరాగ్.

వెళ్లేవాళ్లు వెనక్కి తిరిగారు. లామంట్ ఆర్చీ వైపు చూశాడు, తరవాత కాగితాల వైపు చూశాడు. ఆడవాళ్లు పెద్ద దుంగ ఎత్తకూడదని ఎక్కడా రాసిలేదు. ఎవరికైనా ఎత్తాలనిపిస్తుందని రాసేవాళ్లకు తట్టలేదు కాబోలు.

"అందరికీ ఇచ్చినట్టే మూడు సార్లు," అన్నాడు లామంట్.

ఆర్చీ ఏదో అనబోయాడు. మొరాగ్ అటు చూడలేదు.

నన్ను నిలబెట్టారు. ఆమె గొంతుక్కూర్చుని చేతులు పెనవేసింది. నేను లేచాను. ఇన్నేళ్లలో ఇంత మెత్తగా నన్నెవరూ లేపలేదు. వస్తాదులు నన్ను పోట్లాటకు లేపుతారు, ఆమె నా బరువు ఎటు పోవాలనుకుంటే అటే తనూ పోయింది. పరుగెత్తింది. ఆగింది. ఎగదోసింది. నా మొదలు నేలను గుద్దింది. నేను నిటారుగా నిలబడ్డాను. వాగు కనిపించింది, హోటలు పొగగొట్టం కనిపించింది, నేను పెరిగిన ఏటవాలు కనిపించింది.

నేను వెనక్కి వంగాను.

ఆ క్షణాన నాకు కలిగిన భయం చెప్పలేను. ఆర్చీ మీద పడ్డ దారినే, అదే వాలున, ఆమె మీదికి వస్తున్నాను. ఆగే శక్తి నాకు లేదు. మొరాగ్ ఆఖరి లిప్తలో పక్కకు దొర్లింది. నేను ధడాలున పడ్డాను. ఆమె జడ కొస నా కింద ఇరుక్కుని ఉంది.

ఆమె జడ లాక్కుని లేచి కూర్చుని నవ్వింది. "కొంచెంలో తప్పింది," అంది, ఏ బస్సో తప్పిపోయినట్టు. చేతులకు మట్టి రుద్దుకుని, మళ్లీ నిలబెట్టమని సైగ చేసింది.

అప్పుడు వినిపించింది ఆ గొంతు.

"రంపం తెండి."

లామంట్ చేతిలో కాగితాలు జారిపోయాయి. నేను సరిగా వినలేదనుకున్నాను. ఆర్చీ తాడు దాటి మైదానంలోకి వచ్చాడు. ఇరవై ఏళ్లు రంపానికి అడ్డం నిలబడ్డ మనిషి.

"నాన్నా, నాకింకా రెండు సార్లున్నాయి."

"నీకున్నాయి. నాకు లేవు."

"నువ్వే కదా అన్నావు, కోసింది తిప్పితే కట్టె తిప్పినట్టేనని. ఊరందరికీ చెప్పావు."

"అన్నాను. తప్పన్నాను. రంపం తెండి."

అది రెండు వైపులా పిడి ఉన్న పొడుగు రంపం. దుంగను తెచ్చినవాళ్లే కొయ్యాలని అక్కడి పద్ధతి. ఆర్చీ నా పక్కన ఒక మోకాలి మీద దిగాడు, దిగడానికే చాలా సేపు పట్టింది. ఒక పిడి పట్టుకున్నాడు. రెండో పిడి గాల్లో ఉంది. మొరాగ్ కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. వేరే ఎవరో ముందుకు వచ్చారు, ఆర్చీ తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఆమే వచ్చి ఎదురుగా మోకరిల్లి పిడి పట్టుకుంది.

రంపం పళ్లు నాలో దిగాయి. ఎలా ఉంటుందని అడగకండి.

"తొయ్యకు," అన్నాడు ఆర్చీ. "నీ వైపు లాగు, లాగి వదిలెయ్. మళ్లీ ఇటు తెచ్చుకోవడం నా పని."

రంపం అటూ ఇటూ ఆడింది, నా పొట్టు గడ్డి మీద రాలింది. అప్పుడతను తల ఎత్తకుండా, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. మధ్యలో ఉన్నాను కాబట్టి నేనూ విన్నాను.

"ఆ రోజు నువ్వు దీన్ని నా మీదనుంచి లేపాలని చూశావు. గుర్తుందా?"

"ఊఁ."

"నీ మీద పడితే లేపడానికి నా దగ్గర చేతుల్లేవమ్మా. అందుకే వద్దన్నాను. ఆడదానివని కాదు."

రంపం ఆగింది. మొరాగ్ జేబురుమాలు లేక ముంజేత్తో ముక్కు తుడుచుకుని, పిడి మళ్లీ పట్టుకుని తన వైపు లాగింది. నా దుఃఖం సంగతి ఆ క్షణాన నేనే మరిచిపోయాను. పరువు కోసం నన్ను దాచుకున్నాడనుకున్న మనిషి ఇన్నేళ్లూ భయపడుతూ ఉన్నాడని, అదీ తన కోసం కాదని, అంతమంది మనుషుల్లో ఒక్కరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. రోజూ తాకి చూసేవాడి చేతిలో భయం నాకెందుకు అందలేదో ఇప్పటికీ అర్థం కాదు.

నేను తెగిపడ్డాను. ఇరవై అడుగుల మాను అటు, నేను ఇటు. మనుషులు నన్ను కాలితో దొర్లించి తాడు అవతల పడేశారు. జనం ముందుకు తోసుకొచ్చేసరికి నాకు బూట్లు, గళ్ల గుడ్డల అంచులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆర్చీ కూతురి చెయ్యి పట్టుకుని లేచి, కర్ర ఈడ్చుకుంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నన్ను నిలబెట్టుకుని, అందరూ చూస్తున్నా లెక్కచెయ్యకుండా, నా మీద కూలబడ్డాడు. అతని బరువు నేను మోయడం అదే మొదలు.

అవతలినుంచి లామంట్ గొంతు వినిపించింది. "కోశాం కాబట్టి అందరికీ మళ్లీ అవకాశముంది. ఎవరు ముందు?"

ఆ మగవాళ్లంతా అకస్మాత్తుగా ఎవరి బూట్లు వాళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. రగ్బీ ఆటగాడు మాత్రం, "ఆ అమ్మాయి సగంలో ఉంది కదా, కానివ్వండి," అన్నాడు. మంచివాడే.

నిలబెట్టిన చప్పుడు. ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు. తడి గడ్డి మీద అడుగులు, మొదట నెమ్మదిగా, తరవాత వేగంగా. ఆగిన చప్పుడు. మొదలు నేలను గుద్దింది. నా మొదలు కాదు, నేను పోయాక మిగిలిన కొత్త మొదలు. ఆ అదురు నేలలోంచి వచ్చి నన్ను తాకింది. తరవాత ఏమీ వినపడలేదు. అది నిటారుగా నిలబడి ఉంటుంది. ముందుకో వెనక్కో తేల్చుకుంటూ ఉంటుంది. ఆ చోటు నాకు బాగా తెలుసు. నేనక్కడ లేను. ముందుకు, ముందుకు అని చెప్పడానికి నాకు నోరు లేదు.

అప్పుడు నా మీద బరువు పోయింది.

జనం కేక ఆ తరవాత వచ్చింది. కొండలు దాన్ని రెండుసార్లు తిరిగిచ్చాయి. హోటల్లో ఫుట్‌బాలు చూస్తున్నవాళ్లు కూడా గ్లాసులతో బయటికి పరుగెత్తుకొచ్చారట. కాని అంతకు ముందే నాకు తెలిసిపోయింది. ఆర్చీ లేచి నిలబడ్డాడు. కర్ర నా పక్కన గడ్డిలో పడి ఉంది, పట్టుకోవడానికి కూతురు మైదానం అవతల ఉంది.

"ఒంటిగంట," అని లామంట్ గట్టిగా చెప్పాడు.

"నీ కళ్లు పోయాయా విలియం?" అని అరిచాడు ఆర్చీ. ఎండిన దుంగను తిప్పితే దొంగతనమనే మనిషి, వెంట్రుకవాసి తేడాకు కూడా ఒప్పుకోని మనిషి. "పన్నెండు. సరిగ్గా పన్నెండు."

ఆ మిగిలిన దుంగ ఇప్పుడు మడుగులో చల్లగా పడుకుని ఉంది. ఒకసారి తిరిగింది కాబట్టి దాన్నిక ఎవరూ కొయ్యరు. ఒంటిగంటా, పన్నెండా అని ఊళ్లో ఇప్పటికీ వాదించుకుంటారు, కొందరు నా మీద కూర్చునే వాదించుకుంటారు. నేను చూడలేదు. కాని కర్ర లేకుండా, చెయ్యి లేకుండా లేచి నిలబడ్డ మనిషి చెప్పిందే నేను నమ్మాను.